ముంబయి చూడటానికి వెళ్తున్నారా? అక్కడివాళ్లకు అడ్డం పడకుండా తిరగడం ఎలా

ముంబయివాళ్లకు పైఊరివాళ్లంటే చిరాకేమీ లేదు. దారి అడిగితే నడుస్తూనే చేయి చూపిస్తారు. తప్పు రైలెక్కితే బోగీలో నలుగురు కలిసి ఎక్కడ దిగాలో, ఏ ప్లాట్‌ఫామ్‌కు మారాలో చెబుతారు. వాళ్లకు నిజంగా ఒళ్లు మండేది నడిచే దారిలో ఎవరైనా అడ్డంగా నిలబడినప్పుడే.

కారణం ఉంది. అక్కడ ఉద్యోగాలు చాలావరకు దక్షిణాన, మధ్యలో. ఇళ్లేమో విరార్, కల్యాణ్, పన్వేల్ వైపు. రోజుకు రెండు మూడు గంటలు రైల్లోనే గడిచిపోతాయి. ఎక్కే రైలును పేరుతో కాదు, టైముతో చెప్పుకుంటారు: 'నాది 8:37'. ఆ 8:37 తప్పిపోతే తర్వాతి రైల్లో కాలు పెట్టే సందు ఉండకపోవచ్చు, ఆఫీసులో ఆలస్యం రాసేస్తారు. మెట్లమీద మీరు ఫోన్లో మ్యాపు చూస్తూ అర నిమిషం ఆగితే వెనకాల ఉన్న ఇరవై మంది రైలు పోతుంది. కాబట్టి ముంబయి మర్యాదల్లో మొదట నేర్చుకోవాల్సింది ఎక్కడ ఆగాలి, ఎక్కడ ఆగకూడదు అన్నదే.

ముందు వేళలు చూసుకోండి

ఉదయం సుమారు 8 నుంచి 11 వరకు జనమంతా దక్షిణానికి, అంటే చర్చ్‌గేట్, సీఎస్ఎంటీ (ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్) వైపు వెళ్తారు. సాయంత్రం ఐదున్నర నుంచి తొమ్మిది దాకా తిరుగు ప్రయాణం. చూడటానికి వచ్చినవాళ్లకు ఆ వేళల్లో లోకల్ ఎక్కాల్సిన అవసరం సాధారణంగా ఉండదు. పదకొండున్నర నుంచి నాలుగు మధ్య ఎక్కితే కూర్చోవడానికి చోటు దొరికే అవకాశం ఉంటుంది, కిటికీలోంచి ఊరూ కనిపిస్తుంది. వేరే వేళ కుదరకపోతే జనానికి ఎదురుదిక్కున వెళ్లేలా చూసుకోండి. దక్షిణ కొసన ఉన్న కొలాబాలో బస చేస్తే ఉదయం ఉత్తరానికి వెళ్లే రైళ్లు కొంత ఖాళీగానే ఉంటాయి.

ఆదివారం ఖాళీ అనుకుని ధీమాగా వెళ్లకండి. పట్టాల మరమ్మతుల కోసం సెంట్రల్, హార్బర్ లైన్లలో చాలా ఆదివారాలు పగటిపూట 'మెగా బ్లాక్' పెడతారు. రైళ్లు తగ్గిపోతాయి, ఉన్నవి కిక్కిరిసిపోతాయి. ఏ లైన్లో ఎన్నింటి నుంచి ఎన్నింటి వరకో ముందురోజే ప్రకటిస్తారు. శనివారం రాత్రి ఒకసారి చూసుకుంటే సరిపోతుంది.

సూట్‌కేసులతో దిగిన రోజు

తెలుగువాళ్లు ఎక్కువగా ఇబ్బంది పడేది, పెట్టేది ఇక్కడే. హుస్సేన్‌సాగర్, దేవగిరి, కోణార్క్ లాంటి రైళ్లు కల్యాణ్ మీదుగా సీఎస్ఎంటీ చేరతాయి. చుట్టాలిల్లు వెస్టర్న్ లైన్‌మీద ఉన్న అంధేరిలోనో బోరివలిలోనో ఉంటుంది. 'దాదర్‌లో దిగి వెస్టర్న్ లైన్‌కు మారిపోండి' అని ఎవరో చెబుతారు. చేతిలో పెద్ద పెట్టె ఏదీ లేకపోతే అది మంచి సలహానే. పెద్ద సూట్‌కేసులు రెండు, పచ్చళ్ల అట్టపెట్టె ఒకటి, చంకలో పిల్లాడు ఉంటే మాత్రం ఉదయం ఎనిమిదిన్నరకు దాదర్ వంతెన ఎక్కకండి. సెంట్రల్ నుంచి వెస్టర్న్‌కు, వెస్టర్న్ నుంచి సెంట్రల్‌కు మారే జనం అంతా ఆ వంతెనలమీదే ఉంటారు. మెట్లమీద సూట్‌కేసు ఒక్కొక్క మెట్టూ దించుతుంటే వెనక వరుస మొత్తం ఆగిపోతుంది.

దీన్ని చిన్న విషయంగా తీసుకోవద్దు. 2017 సెప్టెంబరు 29 ఉదయం, దాదర్‌కు ముందు స్టేషన్ అయిన ఎల్ఫిన్‌స్టన్ రోడ్‌లో (ఇప్పటి ప్రభాదేవి) పాదచారుల వంతెనమీద తొక్కిసలాట జరిగి 20 మందికి పైగా చనిపోయారు. వాన పడుతోంది, దాంతో జనం కిందికి దిగకుండా మెట్లమీదే ఆగిపోయారు. స్టేషన్ వంతెనమీద ఆగిన మనిషిని ముంబయివాళ్లు 'చలో, చలో' అని గట్టిగా కసిరితే దాని వెనక ఆ భయమూ ఉంది.

మరేం చేయాలి? దారులు మూడు. దాదర్ తూర్పువైపు బయటికి వచ్చి ట్యాక్సీ తీసుకోవడం మొదటిది. రెండోది, సీఎస్ఎంటీ దాకా వెళ్లి సామాను క్లోక్‌రూమ్‌లో పెట్టి, ఊరు చూసుకుని, మధ్యాహ్నం రద్దీ తగ్గాక చుట్టాలింటికి బయల్దేరడం. క్లోక్‌రూమ్‌లో తాళం వేసిన పెట్టెలే తీసుకుంటారు, మీ రైలు టికెట్ చూపించాలి. సంచీలు, గోనెసంచులు అక్కడ నడవవు, చిన్న తాళాలు వెంట పెట్టుకోండి. మూడోది భూగర్భ మెట్రో. ఆక్వా లైన్ 2025 అక్టోబరు నుంచి కఫ్ పరేడ్ దాకా పూర్తిగా నడుస్తోంది. సీఎస్ఎంటీ, చర్చ్‌గేట్, దాదర్, సిద్ధివినాయక్, విమానాశ్రయం రెండు టెర్మినళ్లు ఆ దారిలోనే ఉన్నాయి. లోకల్‌తో పోలిస్తే ఖర్చు ఎక్కువే, కానీ లిఫ్టులు ఉంటాయి. భూగర్భంలో ఫోన్ సిగ్నల్ అందకపోవచ్చు. టికెట్ క్యూఆర్‌ను గేటు దగ్గరికి వచ్చాక వెతుక్కోకుండా పైనే తీసి సిద్ధంగా పెట్టుకోండి.

విశాఖ రైలు మాదిరిగా లోకమాన్య తిలక్ టెర్మినస్‌కు చేరే రైళ్లలో వచ్చినవాళ్లకు కొంత సులువు. స్టేషన్ బయటే ఆటోలు దొరుకుతాయి.

టికెట్

సెకండ్‌క్లాస్ కనీస టికెట్ 5 రూపాయలు. ఐదు వందల నోటిచ్చి ఐదు రూపాయల టికెట్ అడిగితే కిటికీలో ఉద్యోగికీ, మీ వెనకున్న ముప్పై మందికీ ఒకేసారి కోపం వస్తుంది. చిల్లర ఉంచుకోండి, లేదంటే రైల్వేవాళ్ల రైల్‌వన్ యాప్‌లో తీసుకోండి. యాప్ టికెట్‌ను స్టేషన్‌లోకి అడుగుపెట్టకముందే, రోడ్డుమీద ఉండగానే తీసుకోవాలి. దాన్ని ఫోటో తీసి ఇంకొకరికి పంపితే చెల్లదు, యాప్‌లోనే చూపించాలి.

పొరపాటున ఫస్ట్‌క్లాస్ ఎక్కడం కొత్తవాళ్లకు మామూలే. సీట్లు కొంచెం మెత్తగా ఉంటాయి తప్ప బోగీ బయటి నుంచి పెద్ద తేడా కనిపించదు. ప్లాట్‌ఫామ్ స్తంభాలమీద, బోగీలమీద ఏటవాలు చారలు చూడండి: ఎరుపు, పసుపు చారలుంటే ఫస్ట్‌క్లాస్, ఆకుపచ్చ, పసుపు చారలుంటే మహిళల బోగీ. సెకండ్‌క్లాస్ టికెట్‌తో ఫస్ట్‌క్లాస్‌లో దొరికితే చార్జీ తేడాతో పాటు కనీసం 250 రూపాయలు కట్టించుకుంటారు. 'తెలియదండీ, కొత్తవాళ్లం' అన్న మాట వాళ్లు పొద్దున్నుంచీ వింటూనే ఉంటారు. ఏసీ లోకల్‌కు మామూలు టికెట్ పనికిరాదు.

ప్లాట్‌ఫామ్‌మీద

బోర్డుమీద నాలుగు సంగతులు చూడాలి: గమ్యం, ఎఫ్ లేదా ఎస్ (ఫాస్టా, స్లోనా), 12 లేదా 15 (బోగీల సంఖ్య), ఎన్ని నిమిషాల్లో వస్తుంది. బోగీల సంఖ్య ఎందుకంటే, పన్నెండు బోగీల రైలు ప్లాట్‌ఫామ్ చివరిదాకా రాదు. చివర నిలబడ్డవాళ్లు రైలొచ్చాక మూటలతో పరుగెత్తాలి, ఆ పరుగులో దిగేవాళ్లను గుద్దుకుంటారు.

ఫాస్ట్ రైలు అన్ని స్టేషన్లలో ఆగదు. ధోబీఘాట్ (పెద్ద చాకిరేవు) చూడటానికి మహాలక్ష్మిలో దిగాలంటే స్లోనే ఎక్కాలి. ఫాస్ట్ ఎక్కి, స్టేషన్ దాటిపోతుంటే తలుపు దగ్గర కంగారు పడటం మీకూ ప్రమాదం, అక్కడ వేలాడుతున్నవాళ్లకూ ప్రమాదం.

సాయంత్రం పూట చర్చ్‌గేట్‌లో 'విరార్ ఫాస్ట్' అని కనిపిస్తే, మీరు దిగేది బాంద్రా, అంధేరి, బోరివలి అయితే అది ఎక్కకండి. అందులో ఎక్కేవాళ్లు గంటకు పైగా వెళ్లాల్సినవాళ్లు, వాళ్లకు పనికివచ్చేవి విరార్ రైళ్లే. బోరివలి దాకా వెళ్లేవాళ్లకు వేరే రైళ్లు బోలెడు ఉన్నాయి. దగ్గరి స్టేషన్‌కు వెళ్లేవాళ్లు విరార్ రైల్లో చోటు తీసుకుంటే వాళ్లకు అన్యాయం చేసినట్టే లెక్క. అన్నీ పక్కనపెట్టినా, మధ్య స్టేషన్‌లో తలుపు దాకా చేరి దిగడం మీవల్ల కాదు. అంధేరి రైలో బోరివలి రైలో చూసుకుని ఎక్కండి.

కుటుంబంతో వెళ్తే విడిపోవాల్సి వస్తుందని ముందే అనుకోండి. మహిళల బోగీలో భార్యతో పాటు భర్త ఎక్కకూడదు. పన్నెండేళ్లలోపు మగపిల్లలు ఎక్కవచ్చు. దివ్యాంగులకు, క్యాన్సర్ రోగులకు కేటాయించిన బోగీ ఖాళీగా కనిపించినా అది మీది కాదు. ఎవరు ఎక్కడ దిగాలో, దిగాక ఎక్కడ కలవాలో రైలు రాకముందే చెప్పుకోండి. 'వంతెన మెట్ల దగ్గర' కలుద్దామని అనుకోకండి, అది అందరికీ దారి. 'రెండో నంబరు ప్లాట్‌ఫామ్‌మీద టీస్టాల్ పక్కన' అంటే బాగుంటుంది.

ఎక్కడం, లోపల నిలబడటం, దిగడం

రైలు ఒక్కో స్టేషన్‌లో ఆగేది అర నిమిషం లోపే. ఈ వరుస తప్పకండి.

1. బ్యాక్‌ప్యాక్ ఉంటే రైలు రాకముందే ముందుకు, పొట్టమీదికి తిప్పి వేసుకోండి. వీపున ఉన్న సంచి మీకు కనిపించదు, వెనకవాళ్ల ముఖానికి తగులుతుంది. అది తీసుకునే చోటు కూడా ఒక మనిషి చోటు.

2. తలుపుకు ఎదురుగా కాక, పక్కగా నిలబడండి. దిగేవాళ్లు రైలు పూర్తిగా ఆగకముందే దూకుతారు. ఎదురుగా ఉంటే వాళ్లు మిమ్మల్ని తోసుకునే వెళ్తారు. అందులో పగ ఏమీ లేదు, వాళ్లను వెనకవాళ్లు తోస్తున్నారు.

3. ఎక్కగానే లోపలికి జరగండి. కొత్తవాళ్లు గాలికోసం, ఎక్కడ దిగాలో అన్న భయంతో తలుపు దగ్గరే పాతుకుపోతారు. తలుపు దగ్గర చోటు తర్వాతి స్టేషన్‌లో దిగేవాళ్లది. మీరు దిగేది నాలుగు స్టేషన్ల తర్వాత అయితే సీట్ల మధ్య సందులోకి వెళ్లండి.

4. సంచిని పైన ర్యాక్‌మీద పెట్టాలంటే చేయి అందక్కర్లేదు. కిటికీ దగ్గర కూర్చున్నవాళ్లకు అందిస్తే పెడతారు, దిగేటప్పుడు అడిగితే తీసిస్తారు. ఇది అక్కడ రోజూ జరిగే సాయమే, మొహమాటపడకండి.

5. ముగ్గురు కూర్చునే బల్లమీద నాలుగో మనిషికి అంచున చోటివ్వడం ఆనవాయితీ. ఎవరైనా చేత్తో 'జరగండి' అని సైగ చేస్తే జరగాలి. టికెట్‌కు సీటు నంబరు లేదు కాబట్టి 'ముగ్గురికే కదా' అన్న వాదన నిలవదు.

6. ఎవరైనా మీ దగ్గరికి వచ్చి 'కహాఁ ఉతరోగే?' (ఎక్కడ దిగుతారు?) అని అడిగితే మీ ఊసులు తెలుసుకోవడానికి కాదు. మీ సీటు ఎప్పుడు ఖాళీ అవుతుందో తెలుసుకుని ముందే చెప్పిపెట్టుకుంటున్నారు. స్టేషన్ పేరు చెప్పండి చాలు. మీరూ అలాగే అడగవచ్చు. ఒకరికి మాటిచ్చాక దిగేటప్పుడు సీటు వాళ్లకే దక్కేలా లేవండి.

7. దిగాల్సిన స్టేషన్‌కు ఒక స్టేషన్ ముందే కదలండి. రద్దీ ఎక్కువైతే రెండు స్టేషన్ల ముందు. ముందున్న మనిషిని 'దాదర్ ఉతర్నా హై?' (దాదర్‌లో దిగాలా?) అని అడగండి. అవునంటే ఆయన వెనకే నిలబడండి, కాదంటే ఇద్దరూ చోటు మార్చుకోండి. ఇలా అడుగుతూ అడుగుతూ తలుపు దాకా ఒక వరుస దానంతటదే తయారవుతుంది. ప్లాట్‌ఫామ్ ఎటువైపు వస్తుందో కూడా అప్పుడే అడిగి తెలుసుకోండి. తప్పు తలుపు దగ్గర ఉంటే ఆ అర నిమిషంలో అటు చేరలేరు.

8. దిగాక రెండు అడుగులు కూడా వేయకుండా ఆగి, మనవాళ్లు దిగారా అని వెనక్కి చూడకండి. ముందుకు నడిచి స్తంభం పక్కకు చేరి, అక్కడ ఆగి చూసుకోండి.

స్టేషన్ దాటిపోయిందా, కంగారు పడకండి. తర్వాతి స్టేషన్‌లో దిగి వెనక్కి రావచ్చు. కదిలే రైల్లోంచి దిగే ప్రయత్నం మాత్రం ఏ పరిస్థితిలోనూ వద్దు. తలుపు దగ్గర వేలాడుతూ వీడియోలు తీయడం కూడా అంతే. పట్టాల పక్కన స్తంభాలు చేతికి అందేంత దగ్గరగా ఉంటాయి.

స్పీకర్‌లో పాటలు, వీడియో కాల్‌లో 'ఇదిగో ముంబయి లోకల్ చూడు' అంటూ బోగీ అంతా చూపించడం మానుకోండి. అలసిపోయి నిద్రపోతున్న మనుషుల ముఖాలు అవి. మహిళల బోగీలో అయితే ఫోన్ కెమెరా ఎత్తగానే గొడవవుతుంది, ఆ గొడవ న్యాయమే.

చర్చ్‌గేట్ వంటి స్టేషన్ల దగ్గర పదకొండు ప్రాంతంలో ఇళ్ల నుంచి ఆఫీసులకు భోజనం చేర్చే తెల్లటోపీల డబ్బావాలాలు కనిపిస్తారు. టిఫిన్ డబ్బాలు పేర్చిన పొడవాటి చెక్క పళ్లాలను నెత్తిన పెట్టుకుని, లేదా బళ్లమీద తోసుకుంటూ వేగంగా వస్తారు. ఆ బరువుతో వాళ్లు మధ్యలో ఆగలేరు. భోజనం వేళకు డబ్బా చేరాలి. పక్కకు తప్పుకుని, దూరం నుంచి చూడండి. ఫోటోకోసం నడుస్తున్న మనిషిని ఆపడం ఆయన పని పాడుచేయడమే.

ఆటో, ట్యాక్సీ, బస్సు

హైదరాబాద్ అలవాటుతో ఆటో ఎక్కేముందు బేరం మొదలుపెట్టకండి. ముంబయిలో ఆటో మీటరుమీదే నడుస్తుంది. 'మీటర్ సే చలేంగే' (మీటరుమీదే వెళ్దాం) అని, వెళ్లే చోటు పేరు చెప్పి ఎక్కడమే. 2025 ఫిబ్రవరి 1 నుంచి మొదటి ఒకటిన్నర కిలోమీటరుకు ఆటోకు 26, నల్లపసుపు ట్యాక్సీకి 31 రూపాయలు. అర్ధరాత్రి నుంచి ఉదయం 5 దాకా పావు వంతు ఎక్కువ. దిగేటప్పుడు చిల్లర మీ దగ్గరే ఉండాలి.

దక్షిణ ముంబయిలో ఆటోలు లేవు. పశ్చిమాన బాంద్రా, తూర్పున సైన్ దాటి రావడానికి వాటికి అనుమతి లేదు. బాంద్రాలో ఆటో ఎక్కి 'గేట్‌వేకు పోనీ' అని పట్టుబడితే డ్రైవర్ చేయగలిగింది ఏమీ లేదు. ట్యాక్సీయో, రైలో, బస్సో చూసుకోవాలి.

స్టేషన్ల బయట షేర్ ఆటోలకు, ట్యాక్సీలకు క్యూ ఉంటుంది. ఎవరూ బోర్డు పెట్టకపోయినా ఆ వరుస ఉంటుంది, దాన్ని అందరూ పాటిస్తారు. ముందు ఖాళీ ఆటో కనిపించిందని పక్కనుంచి వెళ్లి ఎక్కితే క్యూ మొత్తం అరుస్తుంది. నలుగురు ఉన్న కుటుంబమైతే ఆటోలో ముగ్గురే కూర్చోవాలని గుర్తుంచుకోండి. చివరి మనిషిని ఇరికించమని డ్రైవర్‌తో వాదించేలోపు వెనకవాళ్లు రెండు ఆటోలు పోగొట్టుకుంటారు. 'బెస్ట్' అనే సిటీ బస్సుల స్టాపులోనూ క్యూనే. కండక్టర్ 'పుఢే చలా' అంటే లోపలికి, ముందుకు జరగమని.

ఫుట్‌పాత్, సముద్రం

ఐదుగురు చేతులు పట్టుకుని వరుసగా నడవడం మన బీచ్ రోడ్డులో చెల్లుతుందేమో కానీ, కొలాబా కాజ్‌వే ఫుట్‌పాత్‌మీద చెల్లదు. సగం దుకాణాలే ఆక్రమించిన ఆ ఫుట్‌పాత్‌మీద మిగిలేది ఇద్దరి దారి. ఒకరి వెనక ఒకరు నడవండి. మ్యాపు చూడాలంటే దుకాణం మెట్టు పక్కకో, మూసిన షట్టర్ దగ్గరికో వెళ్లండి. కొలాబా దుకాణాల్లో బేరం ఆడవచ్చు, కానీ మీరు చెప్పిన ధరకు అతను ఒప్పుకున్నాక కొనకుండా వెళ్లిపోవడం తప్పు. కొనే ఉద్దేశం లేనప్పుడు ధర చెప్పకండి.

మెరైన్ డ్రైవ్ గట్టుమీద ఎంతసేపైనా కూర్చోవచ్చు, ఎవరూ ఏమీ అనరు. ఉదయం, సాయంత్రం పరుగెత్తేవాళ్ల దారిలో మాత్రం గుంపుగా నిలబడి ఫోటోలు తీసుకోకండి. గట్టుకు అవతల ఉన్న కాంక్రీటు దిమ్మెలు, అక్కడివాళ్లు టెట్రాపాడ్లు అంటారు, వాటిమీదికి దిగకండి. నాచుపట్టి జారతాయి, వాటి మధ్య సందులు లోతుగా ఉంటాయి. పడినవాళ్లను అగ్నిమాపక సిబ్బంది వచ్చి తీయాల్సి వస్తుంది. వానాకాలంలో నాలుగున్నర మీటర్లు దాటే పోటు రోజుల జాబితాను నగర పాలక సంస్థ ముందే ప్రకటిస్తుంది. ఆ వేళల్లో అల గట్టు దాటి రోడ్డుమీద పడుతుంది. పోలీసు ఈల వేస్తే వెనక్కి రండి, 'ఒక్క ఫోటో' అని బతిమాలకండి.

పావురాలకు గింజలు వేయడం పుణ్యమని అలవాటైనవాళ్లు ఒక సంగతి తెలుసుకోవాలి. ఆరోగ్య కారణాలతో 2025లో హైకోర్టు ఆదేశాలు వచ్చాక దాదర్ కబూతర్‌ఖానాను (పావురాలకు గింజలు వేసే చోటును) మూసేశారు, ఎక్కడపడితే అక్కడ గింజలు వేస్తే జరిమానా వేస్తున్నారు. ఊళ్లో దానిమీద పెద్ద వివాదమే నడిచింది, మధ్యలో మీరు దూరకండి.

తిండి దగ్గర

వడాపావ్ బండి దగ్గర నియమం ఒక్కటే: ఏం కావాలో నిర్ణయించుకుని ముందుకు వెళ్లండి, తీసుకోగానే పక్కకు తప్పుకోండి. 'దో వడాపావ్, తీఖా కమ్' అంటే కారం తగ్గించి ఇస్తాడు. క్యూఆర్ స్కాన్ చేసే యాప్ మీ వంతు రాకముందే తెరిచి ఉంచండి. కాగితాన్ని కింద పడేయకండి, పక్కనే డబ్బా ఉంటుంది. 'కటింగ్' అంటే అర గ్లాసు టీ. తక్కువ పోశాడని అడగనక్కర్లేదు.

ఇరానీ హోటళ్లలో, పాత భోజనశాలల్లో ఖాళీ కుర్చీ ఉంటే తెలియనివాళ్ల బల్ల దగ్గర కూర్చోబెడతారు. ఇద్దరే ఉండి నలుగురి బల్లను పట్టుకుని 'మావాళ్లు వస్తున్నారు' అని ఆపకండి. మెరైన్ లైన్స్ దగ్గరున్న కయానీ 1904 నాటిది. అలాంటి చోట బన్ మస్కా, చాయ్ తీసుకుని తీరిగ్గా కూర్చోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. మధ్యాహ్నం భోజనం వేళ కాకుండా మూడు, నాలుగు గంటలప్పుడు వెళ్తే అలా కూర్చున్నా ఎవరికీ ఇబ్బంది లేదు.

గుళ్లు, దర్గా

సిద్ధివినాయక ఆలయంలో 2025 జనవరి చివరి నుంచి దుస్తుల నియమం ఉంది. పొట్టి స్కర్టులు, చిరుగుల జీన్స్ వేసుకుంటే లోపలికి పంపరు. మంగళవారం రద్దీ విపరీతం. ఆ రోజే దర్శనం చేసుకోవాలన్న మొక్కు లేకపోతే వేరే రోజు వెళ్లండి, ప్రతి మంగళవారం తప్పకుండా వచ్చే స్థానిక భక్తులకు ఇద్దరి చోటు మిగులుతుంది. గణేశ్ నవరాత్రుల్లో లాల్‌బాగ్‌చా రాజా అనే పేరున్న గణపతి దర్శనానికి రెండు వరుసలు ఉంటాయి. పాదాలు తాకే మొక్కు వరుసకు చాలా గంటలు పడుతుంది, దూరం నుంచి ముఖదర్శనం వరుస కొంత త్వరగా కదులుతుంది. చంటిపిల్లలతో మొదటి వరుసలో నిలబడకండి.

హాజీఅలీ దర్గాకు సముద్రంలో కట్టిన సన్నటి దారిమీద నడిచి వెళ్లాలి. పోటు సమయంలో ఆ దారి మునుగుతుంది, వేళ చూసుకుని బయల్దేరండి. తల కప్పుకోవడానికి రుమాలో చున్నీయో వెంట ఉండాలి. దారిమధ్యలో గుంపుగా ఆగితే రెండువైపులా నడిచేవాళ్లు ఇరుక్కుపోతారు.

జనం బతికే చోట్లు చూసేటప్పుడు

మహాలక్ష్మి ధోబీఘాట్‌ను స్టేషన్ పక్కనున్న ఫ్లైఓవర్ మీంచి బాగా చూడవచ్చు. కిందికి దిగితే అది జనం పనిచేసే చోటు, వాళ్ల ఇల్లు కూడా. తడిబట్టల మధ్య స్నానం చేస్తున్నవాళ్లు, అన్నం తింటున్నవాళ్లు ఉంటారు. ధారావి కూడా అంతే. అక్కడ తోలు సంచులు, కుండలు, పాత ప్లాస్టిక్‌ను తిరిగి పనికివచ్చేలా చేసే కార్ఖానాలు ఉన్నాయి. చూడాలంటే అక్కడివాళ్లే నడిపే బృందంతో, ఫోటోలు తీయకూడదన్న నియమం ఉన్నవాళ్లతో వెళ్లండి. ఇళ్ల గుమ్మాల్లోకి తొంగిచూసి 'అయ్యో పాపం' అని తెలుగులో అనుకుంటే అర్థంకాదనుకోవద్దు. కామాఠీపురా అనే పేటకు ఆ పేరు వచ్చింది మన ప్రాంతం నుంచి కట్టడాల పనులకు వెళ్లిన కామాఠీల వల్లే. వర్లీలో మిల్లు కార్మికులుగా, భివండీలో మగ్గాల పనికి వెళ్లి తరాలుగా స్థిరపడిన తెలుగువాళ్లూ ఉన్నారు. ఏ సందులో ఎవరు వింటున్నారో మీకు తెలియదు.

గిర్‌గావ్‌లోని ఖోటాచివాడీ రంగురంగుల చెక్కబాల్కనీల ఇళ్లు, బాంద్రాలో పాత సందులు ఫోటోలకు పేరుపడ్డాయి. ఆ మెట్లమీద కూర్చోవాలంటే ఇంటివాళ్లను అడగాలి, వద్దంటే వెళ్లిపోవాలి. పెళ్లికి ముందు తీసే ఫోటోషూట్ అయితే అసలు అడగకపోవడమే మంచిది. బాంద్రా బ్యాండ్‌స్టాండ్‌లో సినిమా తారల ఇళ్ల ముందు ఆగేవాళ్లు రోడ్డు వదిలి సముద్రంవైపు ఫుట్‌పాత్‌మీద నిలబడాలి.

ససూన్ డాక్‌లో తెల్లవారుజామున చేపల వేలం చూడాలనిపిస్తే జారని చెప్పులు వేసుకోండి, కెమెరాకు అనుమతి ఉందా అని గేటు దగ్గరే అడగండి. అక్కడి కోళీ (మత్స్యకార) మహిళలు నెత్తిన తట్టలతో పరుగులాంటి నడకతో వస్తారు. నీళ్లు కారే తట్ట మీ బట్టలకు తగిలితే తప్పు మీదే.

మాట

హిందీతో పని జరిగిపోతుంది. కానీ మాట మరాఠీలో మొదలుపెడితే ముఖం వికసిస్తుంది, ముఖ్యంగా బస్సు కండక్టర్లు, పోలీసులు, కూరగాయలమ్మేవాళ్ల దగ్గర. నాలుగు మాటలు చాలు. పలకరించడానికి 'నమస్కార్'. ఎంత అని అడగడానికి 'కితీ?'. ఆపమనడానికి 'థాంబా'. మగవాళ్లను వయసును బట్టి 'దాదా', 'భావూ', పెద్దవాళ్లను 'కాకా'. ఆడవాళ్లను 'తాయీ', వయసులో పెద్దవాళ్లను 'మావ్‌శీ'. అందరినీ 'భయ్యా' అని పిలవడం ఉత్తరాది అలవాటు, మరాఠీవాళ్లకు అది అంతగా నచ్చదు. భాషమీద వాదన మొదలైతే మీరు అతిథులని గుర్తుపెట్టుకుని మాట మార్చండి.

దారి అడిగేటప్పుడు నడిచే మనిషిని ఆపకండి. పక్కన నడుస్తూ 'దాదా, చర్చ్‌గేట్?' అంటే చాలు, చేయి చూపించి వెళ్లిపోతారు. తీరిగ్గా అడగాలంటే పాన్‌డబ్బావాడినో, సెక్యూరిటీ మనిషినో, స్టాండులో ఆగిన ట్యాక్సీవాడినో అడగండి. వాళ్లు ఎక్కడికీ పరుగెత్తడం లేదు, మీకు అర్థమయ్యేదాకా చెబుతారు.